వారానికి ఒక్కటే

చెంచా గ్లాసుకు తగలకుండా తిప్పడం బిక్షపతికి బాగా అలవడిన విద్య. తగిలితే చప్పుడవుతుంది. చప్పుడైతే పరదా అవతల పడుకున్న భార్య బాలలక్ష్మి లేచి, "ఏం కలుపుతున్నవయ్యా పొద్దుగాల పొద్దుగాల?" అని అడుగుతుంది. అడిగితే చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. అందుకని చాయ్ మరిగే మోత చాటున పొట్లం కొస కత్తిరించి, పొడిని గోరువెచ్చని పాలలో దులిపి, పరదా మీద ఒక కన్ను వేసి ఉంచి, దొంగతనం చేస్తున్నవాడిలా మెల్లగా తిప్పుతున్నాడు. ఇవాళ ఒక పొట్లం కాదు, రెండు. రాత్రి ఆమె మళ్ళీ వాంతి చేసుకుంది మరి.

పొట్లంలో ఉన్నది విషమేమీ కాదు. తార్నాకలో ఏ మందుల షాపుకు పోయి అడిగినా ఇచ్చే డి విటమిన్. నిరుడు బాలలక్ష్మికి మోకాళ్ళూ నడుమూ పట్టేసి నేల మీంచి లేవలేకపోతే డాక్టరుకు చూపించారు. ఆయన రక్తపరీక్ష చేయించి, "ఏమ్మా, ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయింది?" అని నవ్వాడు. ఎండ ఎక్కడిది! ఇరుకు గల్లీ, పెద్ద బిల్డింగుల మధ్య ఇరికిన కింది వాటా, అందులో ఒక గది. ఆ గదిలో ట్యూబులైటు కింద కూర్చుని చీరలకు ఫాల్ కుట్టడం ఆమె పని. డాక్టరు వారానికి ఒక పొట్లం రాసి, రెండు నెలలు వాడి ఆపేయమన్నాడు. "ఎముకలకే కాదు, ఒంట్లో ఇమ్యూనిటీకి కూడా ఇది కావాలి" అని మాటవరసకు ఇంకో ముక్క జోడించాడు. ఆ ముక్క ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. బిక్షపతి చెవిలో మాత్రం అది దిగబడిపోయింది.

ఎందుకు దిగబడదు? ఇమ్యూనిటీ అనే మాట అతను మొదటిసారి విన్నది గోల్నాకలో అన్న ఉప్పలయ్య పోయినప్పుడు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. ఉప్పలయ్య బస్తాలు మోసే మనిషి, గుండ్రాయిలాంటి మనిషి. ఆదివారం దగ్గు మొదలైంది, మళ్ళీ ఆదివారం చూడలేదు. "ఇమ్యూనిటీ లేదు, మేమేం చేస్తం" అన్నారు ఆస్పత్రిలో ఎవరో. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన అన్నకు దూరం నుంచి దండం పెట్టి వచ్చిన నాటి నుంచి బిక్షపతికి భయం పట్టుకుంది. తన చావు గురించి అతనికి పెద్ద పట్టింపు లేదు. పిల్లాజెల్లా లేని ఇంట్లో మిగిలిన ఆ ఒక్క మనిషీ పోతుందేమోనన్నదే భయం. బాలలక్ష్మి ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, అతనికి గుండె గుబేలుమంటుంది.

రెండు నెలలు వాడాక ఆమె నొప్పులు తగ్గాయి. "బీపీ గోలి తప్ప ఇగ నాకు మందుల్లేవు, మాకుల్లేవు" అని చేతులు దులుపుకుంది. అయితే వానలు మొదలై గల్లీలో ఇంటింటా దగ్గులు వినబడేసరికి బిక్షపతి ఆగలేకపోయాడు. వారానికి ఒకటి ఇంత మేలు చేస్తే, రోజుకు ఒకటి ఎంత చేయాలి! చెప్పి ఇద్దామంటే ఆమె వద్దంటుంది. ఎందుకు వద్దని గట్టిగా అడగాలంటే తన భయం బయటపెట్టాలి. బయటపెడితే ఆమె నవ్వుతుంది. ఆ నవ్వుకు ఎదురు నిలవడం కంటే పాలలో కలిపేయడం సులువనిపించింది. ఒకే షాపులో కొంటే ఎవరికని అడుగుతారని ఒకసారి తార్నాకలో, ఒకసారి ముషీరాబాద్‌లో, ఇంకోసారి మల్కాజ్‌గిరి దాకా పోయి తెచ్చేవాడు.

"లే బాలా, పాలు తాగు."

ఆమె గోడ పట్టుకుని లేచింది. నిండుగా ఉండే చెంపలు లోపలికి పోయాయి. పెదవులు పగిలి పొట్టు లేచాయి. గ్లాసు ముట్టుకోకుండా ముందు పక్కనున్న చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది.

"బిందెడు తాగినా దూప తీరుతలేదయ్యా. నోరంత ఎండుకపోతుంది."

"చలికాలం గట్లనే ఉంటది. పాలు తాగు."

"కడుపుల తిప్పుతున్నది. బైటికి పోయి గూడ ఎన్నొద్దులాయెనో."

"తాగితే బలమొస్తది. నా మాటినవే."

ఆమె గ్లాసు వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, పిల్లలు కషాయం తాగినట్టు కళ్ళు మూసుకుని తాగేసింది. అడుగున ఏమైనా మిగిలిందేమోనని అతను గ్లాసు వంచి చూసుకున్నాడు. ఏమీ మిగలలేదు. ఆ కాసేపూ అతని గుండెల మీది బరువు కొంచెం దిగింది.

"ఇయ్యాల ఆదివారమేనా? నువ్వు పనికి పోవా?" అంది ఆమె మూతి తుడుచుకుంటూ.

"బుధారం గదనే!"

ఆమె సరేనన్నట్టు తలూపింది గానీ ఆ కళ్ళలో ఏ వారమూ లేదు. నిన్న చాయ్‌లో ఉప్పు వేసింది. మొన్న సూదిలో దారం ఎక్కించబోయి, ఏం చేయబోయిందో మరిచిపోయి, సూది పట్టుకుని అలాగే కూర్చుంది. ఒంట్లో శక్తి లేకే మతి తప్పుతోందని బిక్షపతి తేల్చేసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోదామా అంటే ఆ మాటకే అతనికి ఉప్పలయ్య గుర్తొస్తాడు. అన్న నడిచే పోయాడు కదా ఆస్పత్రికి, తిరిగొచ్చాడా? రేపు కూడా రెండు పొట్లాలు వేయాలనుకుని, పక్కింటి నిరోషను పిలిచి, "చెల్లె, వదినను జర సూస్తుండు" అని చెప్పి సైకిలెక్కాడు.

యూనివర్సిటీ లైబ్రరీలో నేలకింది అంతస్తు అతని రాజ్యం. ఇనుప రాకుల్లో కప్పు దాకా పాత పత్రికల బైండింగులు. పట్టపగలైనా లైటు వేసుకోవాలి. పైనుంచి చీటీ వస్తే పుస్తకం వెతికి పంపడం, దుమ్ము దులపడం, పురుగు పట్టకుండా చూడడం, అదీ పని. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నాడని పై అంతస్తుల్లో సగం మందికి తెలియదు, తెలియజెప్పాలని అతనికీ లేదు. పురుగు దగ్గర మాత్రం బిక్షపతి మొండి మనిషి. నెలకోసారి రాకుల్లో నాఫ్తలీన్ గోలీలు వేయమని రూలు. అతను రోజూ వేస్తాడు. పురుగు కనబడ్డాక మందు పెట్టేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడని అతని నమ్మకం.

సెక్షన్ చూసే సోమయాజులు గారు కిందికి దిగినప్పుడల్లా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. "ఏమయ్యా బిక్షపతీ, నీ గోలీల ఘాటుకి పురుగుల మాటేమో గాని, చదువుకునే పిల్లలు పరారవుతున్నారయ్యా" అంటారు. బిక్షపతి నవ్వి ఊరుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క పేజీకి చిల్లు పడలేదు. మందు ఎక్కువైతే మేలే గానీ చెరుపేముంది? వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకు ఒకటి చేయమని అతనికి ఏ మనిషీ చెప్పలేదు, ఈ రాకులే నేర్పాయి.

ఆ పూట కింద స్నిగ్ధ ఒక్కతే ఉంది. కాకినాడ వైపు పిల్ల, మందుల మీద పరిశోధన చేస్తోంది. పాత పత్రికల కోసం దిగి వచ్చి, ఘాటుకు కళ్ళు నులుముకుంటూ ఓపిగ్గా చదువుకుంటుంది. బిక్షపతి అడుగు అరలోకి గోలీలు జారవేయడానికి వంగితే, చొక్కా జేబులోంచి పొట్లం జారి ఆ పిల్ల కుర్చీ దగ్గర పడింది. ఆమె తీసి ఇచ్చింది.

"డి విటమిన్ వాడుతున్నారా అంకుల్? మంచిదే, ఈ చీకట్లో ఉండేవాళ్ళకి అవసరమే. వారానికి ఒక్కటేగా?"

అవునని తలూపితే అక్కడితో పోయేది. కానీ పొద్దుట బాలలక్ష్మి చూసిన చూపు అతని లోపల ఎక్కడో గీరుకుంటూనే ఉంది.

"రోజొకటి ఏసుకుంటే ఏమైతది మేడం? జల్ది ఇమ్యూనిటీ రాదా?"

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

"అయ్యో, అలా చేయకూడదండీ. ఒంట్లో తక్కువుంటే ఆ లోటు పూడ్చుకోవాలి, అంతే. లోటు పూడితే ఇమ్యూనిటీ దాని పని అది చేసుకుంటుంది. ఇంకా ఇంకా వేసుకుంటే ఇంకా ఇంకా పెరగదు. కొన్ని విటమిన్లు ఎక్కువైతే ఒంటేలులో పోతాయి. ఇది అలా పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది."

"పెరిగితే?"

"దాహం. ఎంత తాగినా తీరదు. ఆకలుండదు, వాంతులు, మలబద్ధకం. ఇంకా ముదిరితే మనిషి తికమకపడతారు, ఇవాళ ఏ వారమో కూడా తెలీదు. కిడ్నీలు పాడవుతాయి. గుండెకీ ప్రమాదమే."

ఆ పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు మామూలుగానే చెప్పింది. బిక్షపతికి మాత్రం ఆమె తన ఇంటికి వచ్చి, పరదా తీసి, మంచం పక్కన నిలబడి చూసి వచ్చి చెబుతున్నట్టుంది. అరలు ఇంకా మిగిలి ఉండగానే చేతిలోని గోలీల డబ్బాకు మూత బిగించేశాడు.

"ఎవరు వేసుకుంటున్నారు అంకుల్?"

"మా... మా దూరపు సుట్టం."

"అయితే ఆపేసి ఇవాళే ఆస్పత్రికి వెళ్ళమనండి. ఎన్నాళ్ళు వేసుకున్నారో, ఎన్ని వేసుకున్నారో డాక్టరుకి చెప్పాలి. చెప్తే వైద్యం ఉంది. చెప్పకపోతే పాపం వాళ్ళు మాత్రం ఏమని వెతుకుతారు?"

అప్పటికప్పుడు పరుగెత్తాల్సిన మనిషి పరుగెత్తలేదు. భయం అంత పాడుది. అన్నేళ్ళు భార్య చుట్టూ కావలి తిప్పిన ఆ భయమే ఇప్పుడు కాళ్ళు పట్టి లాగింది. ఆస్పత్రికి పోతే డాక్టరు అడుగుతాడు. చెబితే నిరోష వింటుంది, గల్లీ వింటుంది, అన్నిటికంటే ముందు బాలలక్ష్మి వింటుంది. పెళ్ళానికి తెలియకుండా పాలలో మందు కలిపినవాణ్ని ఏమంటారు? పోలీసులు రారూ? రేపటి నుంచి కలపడం మానేస్తే చాలదా, ఒంట్లో చేరిన మందు మూడో కంటికి తెలియకుండా అదే దిగిపోదా? ఇలా తనలో తాను బేరమాడుకుంటూ దులిపిన రాకునే మళ్ళీ దులిపాడు. అన్నం డబ్బా మూత తీసి, ఒక్క ముద్ద తినకుండా మళ్ళీ పెట్టేశాడు. చేతులకు అంటిన గోలీల వాసన మొదటిసారి అతనికే వెగటు పుట్టించింది.

భోజనాల వేళ దాటాక ఎలాగో మెట్లెక్కి సోమయాజులు గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఇంట్ల ఆమెకు బాగలేదు. పోత."

"అలా వణుకుతున్నావేమిటయ్యా? ఏమైంది?"

"జెరమొచ్చింది సార్."

"దానికి నా దాకా ఎందుకు రావడం? వెళ్ళు, వెళ్ళు ముందు."

గడప దాటేలోగా జేబులో ఫోను మోగింది. నిరోష.

"అన్నా, వదిన నీళ్ళ నల్ల కాడ పడిపోయింది! పిలిస్తె పలుకుతలేదు. ఆటోల ఏసుకోని మెయిన్ రోడ్డు దవాఖానకు పోతున్న, నువ్వు గాడికే రా!"

సైకిలు ఎలా తొక్కాడో అతనికే తెలియదు. యూనివర్సిటీ రోడ్డంతా ఎండ పరుచుకుని ఉంది. ఫుట్‌పాత్ మీద కుక్కలు ఆ ఎండలో హాయిగా పొర్లుతున్నాయి. పరీక్షలకు చదువుకునే పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని వీపులు కాచుకుంటున్నారు. ఎవరినీ అడగకుండా ఎవరికైనా దొరికే ఈ ఎండలోకి ఆమెను వారానికి నాలుగు రోజులు సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని వచ్చి ఉంటే పోయేది కదా అనిపించింది. అంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసి, ఏడుపొచ్చి, దారి మసకబారింది.

ఎమర్జెన్సీ వార్డులో బాలలక్ష్మి కళ్ళు మూసుకుని ఉంది. ఒక చేతికి సెలైన్, ఛాతీ మీద తీగలు. ఆటోలో తల అటూ ఇటూ పడిపోతోందని నిరోష ఇంట్లోంచి పట్టుకొచ్చిన దూది దిండే ఇంకా తలకింద ఉంది. డాక్టర్ సుప్రజ వయసులో చిన్నదే గానీ మాట సూటిగా ఉంది.

"ఏమేం మందులు వాడుతున్నారు?"

"బీపీ గోలి ఒక్కటే మేడం."

"ఇంకేం లేవా? టానిక్కులు, నాటు మందులు?"

నిరోష పక్కనే ఉంది. బిక్షపతి నేల చూపులు చూశాడు.

"లెవ్వు."

డాక్టరు రక్తం తీయమని నర్సుకు చెప్పి ఇంకో మంచం దగ్గరికి పోయింది. గుండె కొట్టుకోవడం చూపించే మిషను తెర మీద గీతలు ఒక వరస లేకుండా ఎగిరిపడుతున్నాయి. చెప్తే వైద్యం ఉంది, చెప్తే వైద్యం ఉంది అని స్నిగ్ధ గొంతు చెవిలో హోరెత్తుతోంది. డాక్టరు వైపు రెండడుగులు వేసి, నిరోషను చూసి వెనక్కి వచ్చాడు. గోడకు ఆనుకుని అలా నిలబడే ఉన్నాడు. కాలం అతని కోసం ఆగలేదు. చాలాసేపటికి బాలలక్ష్మి పెదవులు కదిలాయి.

"నీళ్ళు" అంది.

ఆ ఒక్క మాటతో అతని లోపల కట్టేసినదేదో పుటుక్కున తెగింది. పరుగున పోయి డాక్టరు ముందు చేతులు జోడించాడు.

"మేడం, అబద్ధం చెప్పిన. డి విటమిన్ పొట్లాలున్నయి గద, నేనే పాలల్ల కలిపి తాపిన. ఆమెకు తెల్వదు. వానలు షురువైన కాణ్నుంచి."

"వారానికి ఎన్ని?"

"రోజూ. ఇయ్యాల రెండు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాల్షియం అర్జెంటుగా చూడండి" అని నర్సును కేకేస్తూ, సెలైన్ వేగం పెంచుతూ, అతనికి తెలియని మందుల పేర్లేవో చెబుతూ మంచం దగ్గరికి ఉరికింది. నిరోష నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అతని వైపు చూసి, తల తిప్పుకుంది. ఇంతసేపూ ఏ చూపుకు జడిసి నోరు మూసుకున్నాడో ఆ చూపు వచ్చింది, పోయింది. అది మనిషిని చంపేదేమీ కాదని అప్పుడు తెలిసింది.

సాయంత్రానికి బాలలక్ష్మికి కొంచెం తెలివొచ్చింది. అతన్ని కాసేపు మంచం పక్కన కూర్చోనిచ్చారు. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళు అతన్ని గుర్తుపట్టి చూశాయి.

"బాలా, నీకో మాట చెప్పాలె. పాలల్ల నేను..."

"ఎరుకే."

"ఏం ఎరుక?"

"నాలికకు పొడి తగలదా? ఏందో మందని ఎరుకే." ఊపిరి కోసం ఆగింది. "రాత్రిళ్ళు నా ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తవు, అది గూడ ఎరుకే. నేను పాలు తాగితే నువ్వు జర నిమ్మళంగ పంటవు. గందుకే తాగిన."

బిక్షపతి మంచం మీదికి వంగాడు. ఆమె చేతిని మొహానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తనొక్కడే ఆమెను కాచుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమె కూడా రోజూ కళ్ళు మూసుకుని, కడుపులో దేవుతున్నా గుటక వేసి, తన భయానికి కాపు కాసింది.

"బుగులు పడకు" అందామె.

దిండులో తల ఇంకొంచెం లోపలికి జరుపుకుని కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టిందనుకుని అతను కదలకుండా కూర్చున్నాడు. అటుగా పోతున్న నర్సు తెర వైపు చూసి ఆగింది, మంచం మీదికి వంగింది, డాక్టరును పిలిచింది. అతన్ని భుజం పట్టి మెల్లగా బయటికి నడిపించి తలుపు వేసింది.

డాక్టర్ సుప్రజ బయటికి వచ్చేసరికి కిటికీ అవతల ఇంకా వెలుతురు ఉంది. గుండె ఆగిపోయిందని, తిరిగి కొట్టించడానికి చేయగలిగిందంతా చేశామని చెప్పింది. వచ్చీరాగానే నిజం చెప్పి ఉంటే బతికేదా అని అడుగుదామని బిక్షపతి నోరు తెరిచాడు. ఆమె జవాబు చెప్పడానికి సిద్ధంగానే నిలబడింది. అతను నోరు మూసుకున్నాడు.

నిరోష ఎవరెవరికో ఫోన్లు చేస్తోంది. బిక్షపతి బెంచీ మీద కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి దడదడలాడిన గుండె ఒక్కసారిగా నిమ్మళించింది. ఎవరు దగ్గినా, ఎవరు తుమ్మినా, వానొచ్చినా, చలొచ్చినా ఇక అతనికి ఏమీ కాదు. ఆ నిమ్మళం తట్టుకోలేక రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకున్నాడు.

లోపల మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. నర్సు తలుపు తీసుకుని వచ్చి, "ఇది మీ ఇంటిదే కదా" అని దిండు తెచ్చి అతని ఒళ్ళో పెట్టి పోయింది. గలీబు మీద కొబ్బరినూనె మరక ఉంది, రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పాత దూది, గట్టిపడిన దూది. నడిమధ్యన ఆమె తల పెట్టిన గుంట ఇంకా పూడలేదు.